వియ్యపురాలి కుండ

ఈ మాసమున నేను వంటను గూర్చి వ్రాయుచున్నాను. మాంసపు ఉండలను గూర్చి వ్రాయుటకు ఇటువంటి పత్రికలో చోటెక్కడిదని కొందరు అనుకొనవచ్చును. సంఘపు విందులో విస్తరి ముందు కూర్చున్నప్పుడు మాత్రము ఎవరును ఆ ప్రశ్న వేయరు గదా! కనుక చదువరులు కొంచెము ఓపిక పట్టవలెనని మనవి.

2023 ఫిబ్రవరిలో నేను అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమునకు వెళ్లితిని. నా కుమార్తె అక్కడ సెయింట్ పాల్ పట్టణమునకు చేరువలో కాపురమున్నది. అంతకు మునుపు నేను గుంటూరు జిల్లా దాటి పోయినది రెండేసార్లు, కంటి ఆపరేషనుకు మద్రాసుకును, వీసా కొరకు హైదరాబాదుకును. విమానము దిగి బయటికి రాగానే చలి సున్నకు దిగువన 20 డిగ్రీలు. ఊపిరి పీల్చినప్పుడు ముక్కులోని వెండ్రుకలు బిరుసెక్కెను. మా మనుమరాలు, ఆరేండ్ల పిల్ల, నేను మంచుమీద జారిపడకుండ నా చేయి పట్టుకొని నడిపించెను. ఆ బిడ్డ చేయి నా చేతిలోనికి వచ్చుట అదే మొదటిసారి.

నేను వెళ్లినది పండుగకు కాదు. మా అల్లుని తల్లి జనవరి నెలాఖరున కన్నుమూసెను. ఆమె స్మారక ఆరాధన ఫిబ్రవరి మూడవ శనివారమునకు పెట్టుకొనిరి. "అమ్మా, ఇప్పుడైనా వస్తావా?" అని నా కుమార్తె ఫోనులో అడిగెను. ఆ "ఇప్పుడైనా" అను మాట వెనుక తొమ్మిదేండ్ల కథ యున్నది. అది చెప్పనిదే వంట సంగతి చెప్పుట కుదరదు.

నా కుమార్తె నర్సింగు చదివి ఆ దేశము వెళ్లినది. 2014లో అక్కడి చిన్నవానిని, పూర్వము స్వీడను దేశమునుండి వలస వచ్చిన కుటుంబమువానిని, తానే కోరి పెండ్లాడినది. మా వారికి పట్టరాని కోపము వచ్చెను. దాని పేరు ఈ ఇంట వినబడకూడదనిరి. నేను ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పకుండుట ఇల్లాలి ధర్మమని ఇరుగుపొరుగువారితో అనుచుండెడిదానను. నిజమేమనగా నాకును కోపముగానే యుండెను. ఆయన కోపము పెద్దది గనుక దాని చాటున నాది కనబడలేదు, అంతే. 2016లో దానికి తొలి కాన్పు వచ్చెను. తొలి కాన్పు పుట్టింటివారిదని మన పల్లెలో చిన్నపిల్ల నడిగినను చెప్పును. నేను వెళ్లలేదు. పురిటాలికి పెట్టు కాయమైనను పంపలేదు. 2018లో మా వారు మంచము పట్టిన తరువాత కొంత మెత్తబడి, "నీవైనా వెళ్లి చూచి రా" అనిరి. 2019లో వీసా చేతికి వచ్చెను గాని ఆయనను ఆ స్థితిలో విడిచి పోలేకపోతిని. 2020 జనవరిలో ఆయన ప్రభువునందు నిద్రించిరి. పిమ్మట కోవిడ్ వచ్చి విమానములు నిలిచిపోయెను. ఆ తరువాత నాకు అడ్డమేదియు లేదు, సిగ్గు తప్ప.

మా వియ్యపురాలిని నేను ఫోటోలలో తప్ప చూడలేదు. ఎదురుపడియుండినయెడల "వదినగారూ" అని పిలువవలసినదానను.

ఇల్లు చేరిన మరునాడే వంట సంగతి వచ్చెను. అక్కడి సంఘములలో ఎవరైనను చనిపోయినప్పుడు, ఆరాధన ముగిసిన తరువాత గుడి క్రింది నేలమాళిగలో అందరును కూడి భోజనము చేయుదురు. స్త్రీలు తలకొక వంటకము తెత్తురు. ఒకరు బంగాళాదుంపలు, ఒకరు పందిమాంసము పెట్టిన రొట్టెలు, ఒకరు తీపి బిళ్లలు. మా వియ్యపురాలు ఎన్నో ఏండ్లుగా తెచ్చుచుండినది ఒక్కటే వంటకమట. అది తీపియు పులుపును కలిసిన మాంసపు ఉండలు. ఆమె స్మారక భోజనమున అవి లేకపోయినయెడల బల్ల బోసిపోవునని సంఘములోని ముసలమ్మలు ముందే కబురు పెట్టిరి. వండవలసినది కోడలు.

ఆ ఉండలు వండునది పొయ్యిమీద కాదు. దానికొక కరెంటు కుండ యున్నది. స్లో కుక్కరు అందురు. మొదట చూచి నేను అన్నము వండు గిన్నె అనుకొంటిని. లోపల దళసరి పింగాణి కుండ, దాని చుట్టు రేకు తొడుగు, ఆ రెంటి నడుమ వేడియెక్కు తీగ, పైన గాజు మూత. ముందు ఒక మీట. దానికి తక్కువ సెగ, ఎక్కువ సెగ, ఊరకే వెచ్చగా ఉంచుట అని మూడు గుర్తులు. పెద్ద కుండకైనను 200 లేక 250 వాట్ల కరెంటు చాలును. ప్రెషరు కుక్కరు ఈలకు అలవాటుపడిన మన ఆడవారికి దీని నెమ్మది మొదట చిరాకు పుట్టించును. ఉదయము పెట్టిన కూర సాయంత్రమునకు గాని కాదు.

అయితే నెమ్మది వంట మనకు కొత్తదా? నా చిన్నతనమున మా పెరటిలో దాలిగుంట యుండెడిది. పిడకల నిప్పుమీద పాలకుండ పెట్టి మూకుడు కప్పితే, పొద్దుటినుండి సాయంత్రమువరకు పాలు కాగి కాగి ఎర్రని మీగడ కట్టును. మా అమ్మ పిల్లలను ఆ దరిదాపులకు రానిచ్చెడిది కాదు. ఈ స్లో కుక్కరును కరెంటు పెట్టిన దాలిగుంట అనుకొనుడి, మీకు సులభముగా తెలియును.

దాని పుట్టుకను మా అల్లుడు చెప్పెను. చికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అను యూదుడైన ఇంజనీరు ఒకడుండెను. అతని తల్లి తన చిన్ననాటి ముచ్చట చెప్పుచుండెడిది. ఆమె పుట్టిన విల్నా పట్టణములో, అనగా ఇప్పటి లిథువేనియా దేశపు విల్నియస్‌లో, శుక్రవారము పొద్దు గూకకముందే యూదుల ఇండ్లనుండి కూర కుండలను రొట్టెలవాని కొట్టుకు పంపుదురట. అతని పొయ్యి రాత్రియంతయు మెల్లగా చల్లారుచుండగా ఆ మిగిలిన వేడిలో మాంసమును చిక్కుళ్లును మెత్తగా ఉడికి విశ్రాంతిదినపు భోజనమునకు సిద్ధమగును. నిర్గమకాండము 35వ అధ్యాయము 3వ వచనము తెలిసినవారికి కారణము చెప్పనక్కరలేదు. ఆ దినమున ఇంట నిప్పు రాజేయరాదు. ముందుగా రాజేసిన నిప్పు దానంతట అది వండుకొనిపోవుటకు అడ్డు లేదు. నాక్సన్ ఆ కుండను మనస్సులో నుంచుకొని కరెంటు కుండ చేసి 1936లో పేటెంటుకు దరఖాస్తు పెట్టెను. 1940లో అది మంజూరైనది. 1970లో కాన్సస్ సిటీలోని రైవల్ అను కంపెనీ దానిని కొని, మరుసటి యేడు క్రాక్‌పాట్ అను పేరుతో అమ్ముట మొదలుపెట్టగా అమెరికాలో లక్షల ఇండ్లకు చేరెను. ఉద్యోగమునకు పోవు స్త్రీకి అది సాయమయ్యెను. విశ్రాంతి కొరకు పుట్టిన కుండ పని దినములలో పనికివచ్చుట విచిత్రముగా తోచినది నాకు.

ఇక నా బుద్ధిహీనత చెప్పెదను.

స్మారక దినమునకు నాలుగు రోజుల ముందు, రుచి చూచుటకని నా కుమార్తె కొన్ని ఉండలు చేసి పచ్చివే ఫ్రీజరులో పెట్టినది. ఆసుపత్రికి డ్యూటీకి పోవుచు, "అమ్మా, వీటిని ముందు ఓవెనులో కాల్చాలి, నేను వచ్చాక చేద్దాం. నువ్వు ఫ్రిజ్ క్రింది అరలోకి మార్చు చాలు" అని చెప్పెను. నేను ముప్పదియేండ్లు బడిపిల్లలకు పాఠము చెప్పినదానను, నలువదియేండ్లు వంట చేసినదానను. ఇంత చిన్న పనికి కూతురి కొరకు కాచుకొని యుండుటయా అనిపించినది. రాతివలె గడ్డకట్టిన ఆ ఉండలను తిన్నగా కుండలో వేసి, రసము పోసి, తక్కువ సెగకు మీట త్రిప్పితిని. పావుగంట తరువాత మూత తీసి చూచితిని. ఏమియు లేదు. మరల పావుగంటకు చూచితిని. ఆవిరియైన లేదు. ఆ కుండ నన్ను వెక్కిరించుచున్నట్లుండెను. అట్లు ఎన్నిసార్లు తీసితినో లెక్క లేదు.

నాలుగు గంటల తరువాత అది వచ్చి, సూదివంటి ఉష్ణమాపకమును ఒక ఉండలో గ్రుచ్చినది. 40 డిగ్రీలు.

"అమ్మా, ఇవి పారబోయాలి" అనెను.

"పారబోయడమేమిటే? ఇంకో గంట ఎక్కువ సెగన పెడితే ఉడుకుతాయి" అంటిని.

అది నర్సు గనుక నర్సువలె చెప్పెను. 4 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ మాంసములో క్రిములు త్వరత్వరగా పెరుగును. మాంసపు ముక్కకైతే క్రిములు చాలవరకు పైభాగముననే యుండును. నూరిన మాంసములో పైది లోపలికి లోపలిది పైకి కలిసిపోవును. గనుక ఉండ నడిమి భాగముకూడ 71 డిగ్రీలకు చేరవలెను, అదియు ఆలస్యము కాకుండ చేరవలెను. కొన్ని క్రిములు విడుచు విషము ఎంత మరిగించినను పోదు. గడ్డకట్టిన మాంసమును ఈ కుండలో ఎన్నడును వేయరాదు, మూత తీసినప్పుడెల్ల పోయిన వేడి తిరిగి వచ్చుటకు పావుగంట, ఇరువది నిమిషములు పట్టును అని చెప్పెను. అన్నియు సత్యములే. అయితే రెండు పౌండ్ల మాంసము చెత్తడబ్బాలో పడుచుండగా నాకు కడుపు మండెను. మా బాల్యమున క్రిస్మసుకును ఈస్టరుకును తప్ప మాంసము ముఖము చూచినవారము కాము.

"ఈ ఇంట్లో నా మాటకు విలువ లేదు" అంటిని.

అది చెత్తడబ్బా మూత వేసి, నా వైపు తిరిగెను. "విలువా? పద్దెనిమిది గంటలు నొప్పులు పడ్డాను అమ్మా. అమ్మా అమ్మా అని తెలుగులోనే అరిచాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. నేను పిలుస్తున్నది తనను కాదని ఆవిడకు తెలుసు."

ఆ మాట చెప్పి మేడమీదికి పోయెను. నేను వంటగదిలో నిలిచిపోతిని. కుండ కడుగుదమని కొళాయి త్రిప్పబోవుచు, వేడి పింగాణిపై చన్నీళ్లు పడిన పగులునని జ్ఞప్తికి వచ్చి ఆగితిని. అది చల్లారువరకు దాని ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుంటిని. అంత దళసరి కుండ త్వరగా చల్లారదు. ముప్పావుగంటకు పైన పట్టెను. ఆ ముప్పావుగంటలో నేను ఏమి తలంచితినో ఇక్కడ వ్రాయను.

కడిగిన కుండను బీరువా క్రింది అరలో పెట్టబోగా, వెనుక మూలను అటువంటిదే చిన్న కుండ కనబడెను. సుమారు రెండు లీటర్లు పట్టును. మూత తీసి చూచితిని. మూతలు తీయు గుణము నాకు అంత త్వరగా పోదు గదా! లోపల ఒక అట్టముక్క. దానిమీద వంకరపోని చక్కని చేతివ్రాతతో మాంసపు ఉండల లెక్కలన్నియు వ్రాసియున్నవి. వెనుకవైపున వేరొక సిరాతో రెండే పంక్తులు. చిన్న కుండలోనికి ఎర్రకారము రెండు చెంచాలు, అల్లము ఒక చెంచా, మన అమ్మాయికి.

కోడలికి అని వ్రాయలేదు. పేరు వ్రాయలేదు. ఇంగ్లీషులో ఆ "మన" అను మాటను నేను పిల్లలకు ఏండ్ల తరబడి నేర్పితిని. అది ఎవరెవరిని కలుపుకొనునో ఆ రాత్రి వరకు ఆలోచింపలేదు.

ఆ అట్టముక్కను తీసికొని మేడ యెక్కితిని. అది మేలుకొనియే యుండెను. ఆ రాత్రి మేము ఎక్కువ మాటలాడలేదు. "నాకు నేర్పవే" అంటిని. "శుక్రవారం పొద్దున్న లేస్తావా?" అనెను.

ఇప్పుడు వంట. రెండు పౌండ్లు, అనగా సుమారు 900 గ్రాముల నూరిన మాంసమునకు లెక్క చెప్పుచున్నాను. మేము దానికి నాలుగింతలు చేసితిమి. నాలుగు రొట్టె ముక్కలను అరగ్లాసు పాలలో నానబెట్టి మెత్తగా చిదుమవలెను. ఇది పొదుపు కొరకు వేయునది కాదు. మాంసము వేడికి బిగిసికొని తన నీటిని వెలికి పిండును; నానిన రొట్టె ఆ బిగువును అడ్డి నీటిని పట్టి ఉంచును. అది లేనియెడల ఉండ బంతివలె సాగును. దానిలో రెండు గ్రుడ్లు, సన్నగా తరిగిన ఒక ఉల్లిపాయ, చెంచాన్నర ఉప్పు, మిరియాల పొడి వేసి, మాంసము కలిపి, ఎక్కువగా పిసుకకుండ ఉసిరికాయంత ఉండలు చేయవలెను. యాభై వరకు వచ్చును. ఎక్కువగా పిసికిన గట్టిపడునని చెప్పినను నా చేయి చపాతిపిండి పిసికినట్లే పోవుచుండెను. అది నా మణికట్టు పట్టుకొని ఆపెను. వాటిని పళ్లెములో విడివిడిగా పరచి 200 డిగ్రీల ఓవెనులో ఇరువది నిమిషములు కాల్చితిమి. అప్పుడు పైన ఎర్రబారి, క్రొవ్వు కొంత కారిపోయి, లోపల ఉడుకును. కుండలోనికి పోవునది ఉడికిన ఉండయే గాని పచ్చిది కాదు. కుండ పని రసమును లోనికి ఎక్కించుటయే.

రసమునకు రెండే వస్తువులు. ఒకటి చిల్లీ సాసు, ఒక సీసా, 340 గ్రాములు. పేరు చూచి నేను సంతోషపడితిని గాని దానిలో కారము లేదు. అది చక్కెర, వినెగారు, మసాలా వేసి వండిన టమాటా గుజ్జు. రెండవది దానికి సమానమైన తూకము ద్రాక్ష జెల్లీ. మాంసములో ద్రాక్ష జెల్లీ యనగానే నేను ముఖము చిట్లించితిని. "మన పులుసులో బెల్లం వెయ్యవా?" అనెను నా కుమార్తె. నా నోట మాట లేదు. చింతపండు చేయు పని టమాటాయు వినెగారును చేయుచున్నవి, బెల్లము చేయు పని జెల్లీ చేయుచున్నది. జెల్లీ వేడికి కరిగి, ఉడికిన కొలది చిక్కబడి, ఉండలకు మెరుగు పట్టించును. పైన ఒక నిమ్మకాయ రసము. తక్కువ సెగన నాలుగు గంటలు, లేక ఎక్కువ సెగన రెండు గంటలు. మూత తీయరాదు.

ఆ జెల్లీకి వాడు ద్రాక్ష నల్లనిది, కాంకర్డ్ అను జాతి. మాసచూసెట్స్ రాష్ట్రపు కాంకర్డ్ ఊరిలో ఎఫ్రాయిమ్ బుల్ అనువాడు 1849లో దానిని పెంచి తీసెను. ఇరువది యేండ్ల తరువాత, 1869లో, న్యూజెర్సీలోని వైన్‌ల్యాండు ఊరిలో థామస్ వెల్చ్ అను దంతవైద్యుడు ఉండెను. అతడు అచ్చటి మెథడిస్టు గుడిలో ప్రభు భోజనపు బల్లకు పరిచారకుడు. బల్లమీద పులిసిన ద్రాక్షారసము పెట్టుట అతనికి ఇష్టము లేదు. ద్రాక్షరసమును సీసాలలో పోసి వేడినీటిలో కాచినయెడల పులియదని కనుగొని, కాంకర్డ్ ద్రాక్షతో చేసి చూపెను. మన సంఘములలో ప్రభు బల్లకు పులియని రసము వాడువారికి ఆ దంతవైద్యుని పేరు తెలియకపోవచ్చును. అదే ద్రాక్ష మాంసపు ఉండలమీద కరుగుచుండగా ఈ సంగతి విని నేను గరిటె క్రింద పెట్టి కాసేపు నవ్వుకొంటిని.

చిన్న కుండలోనికి ఎర్రకారము నేనే వేసితిని. రెండు చెంచాలు, తలపాగా కట్టి. ఆ కారపు సంచిమీద గుంటూరు అని వ్రాసియున్నది. మా వియ్యపురాలు ఇరువది మైళ్లు కారు నడుపుకొని ఇండియా కొట్టుకు పోయి తెచ్చెడిదట.

శనివారమున గుడికి పోతిమి. లూథరన్ సంఘము. మన గుంటూరు వారికి ఫాదర్ హయ్యరు గారి పేరు తెలియనిది కాదు. ఆయన 1842లో గుంటూరు వచ్చి పని మొదలుపెట్టెను. అయితే అదే హయ్యరు గారు మన దేశమునుండి తిరిగిపోయి, 1857 తరువాత ఈ సెయింట్ పాల్ ప్రాంతముననే పరిచర్య చేసి, 1860లో మిన్నెసోటా సినడు కూడుటకు తోడ్పడి, 1869లో 76 ఏండ్ల వయస్సున మరల ఓడ యెక్కి ఈసారి రాజమండ్రికి వచ్చెనని అక్కడికి పోవువరకు నాకు తెలియదు. ఆ వయస్సున ఆయన ఓడ యెక్కెను. నాకు అరువదియారేండ్లు, విమానము, చేతిలో వీసా. అయినను ఎంత తడవు చేసితిని!

నేలమాళిగలో గోడ ప్రక్కన బల్లమీద ఏడెనిమిది కరెంటు కుండలు వరుసగా పెట్టియుండెను. ఎవరో పుణ్యాత్మురాలు కాఫీ కాచు పెద్ద పాత్రను కూడ అదే లైనుకు తగిలించగా కరెంటు పుటుక్కున పోయెను. కుండలది తక్కువ కరెంటే గాని కాఫీ పాత్ర ఒక్కటే 1500 వాట్లు తాగును. అందరును చీకటిలో నిలిచి నవ్విరి. దుఃఖపు ఇంట ఆ నవ్వు వినుట నాకు మొదట కొత్తగా తోచెను గాని, మన ఊళ్లలో దినము భోజనమునాడు వంటవాని మీద అరిచి ఆపైన నవ్వుట లేదా?

భోజనమప్పుడు ఒక ముసలి రైతు తెలియక చిన్న కుండలోని ఉండ నోట పెట్టుకొనెను. ముఖము కందగడ్డయయ్యెను. రెండు గ్లాసుల పాలు త్రాగి, కండ్లు తుడుచుకొని, మరల వచ్చి ఇంకొకటి వేసికొనెను.

మా వియ్యంకుడుగారు పళ్లెము పట్టుకొని నా యెదుట వచ్చి కూర్చుండెను. పొడవైన మనిషి, మితభాషి. ఆయన పళ్లెములో పెద్ద కుండలోనివి నాలుగు, చిన్న కుండలోనిది ఒకటి. నాకు ఇంగ్లీషు చదువవచ్చును గాని ఆ దేశపు మాట వేగము అందదు. ఆయన అది గ్రహించి మెల్లగా చెప్పెను. తన భార్య ఈ వంటకము చేసినప్పుడెల్ల చిన్న కుండలోనిది ఒకటి తినెడిదట. కండ్లనీళ్లు కారుచున్నను తినెడిదట. ఎందుకు ఈ బాధ యని ఆయన అడిగితే, ఏదో ఒక రోజు ఇండియాకు పోయి మీ ఇంట భోజనమునకు కూర్చుండవలెను గదా, అప్పటికి నేర్చుకొనుచున్నాననెడిదట. ఎన్ని ఉండల వరకు వచ్చినదని నేను అడిగితిని. మూడు, అని ఆయన వ్రేళ్లు చూపెను.

నేను అక్కడ ఆరు వారములుండి వచ్చితిని. బయలుదేరునాడు నా కుమార్తె ఆ చిన్న కుండను పాత దుప్పటిలో చుట్టి నా పెట్టెలో పెట్టినది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. తిన్నగా తగిలించినయెడల కాలిపోవునని అల్లుడు రెండుసార్లు హెచ్చరించెను. "అత్తయ్యగారు, నో ప్లగ్" అని తనకు వచ్చిన తెలుగును కలిపి చెప్పెను. రేకు తొడుగు అక్కడనే విడిచి లోపలి కుండను మాత్రము తెచ్చుకొంటిని. అది నిప్పుమీద పెట్టునది కాదు, పగులును. నా వంటగదిలో కిటికీ ప్రక్కన, చింతపండు పోసి పెట్టుకొంటిని.

2024 క్రిస్మసుకు మా సంఘపు విందులో ఆ ఉండలు నేను చేసితిని. కరెంటు కుండ లేనివారు ఇట్లు చేయవచ్చును. మేక మాంసము కైమా కొట్టించి, పైన చెప్పినట్లే రొట్టె, పాలు, గ్రుడ్లు కలిపి, ఓవెను లేదు గనుక పెనముమీద కొంచెము నూనెతో అన్ని వైపుల ఎర్రగా కాల్చితిని. రసమునకు కిలో మాంసమునకు అరకిలో పండు టమాటాల గుజ్జు, నిమ్మకాయంత చింతపండు పులుసు, 100 గ్రాముల బెల్లము, తగినంత కారము. అడుగు మందమైన ఇనుప గిన్నెలో అన్నియు వేసి, మూత పెట్టి, మూతమీద నాలుగు బొగ్గులుంచి, క్రింద బొగ్గుల సెగ తగ్గించి గంటన్నర విడిచితిని. అడుగంటునని భయమున్నవారు గిన్నె పట్టుకొని కుదుపుడి గాని గరిటె పెట్టకుడి. ఉండలు చితుకును. కారము లేని చిన్న గిన్నె ఒకటి వేరుగా చేసితిని. ఎవరికని అడిగిన పాదిరిగారి భార్యకు జవాబు చెప్పలేదు. పిల్లలు దానిని ఖాళీ చేసిరి.

ఆ రాత్రి నా కుమార్తె ఫోను చేసినది. ఎట్లు వచ్చినవని అడిగెను. బాగుగా వచ్చినవంటిని.

"మూత ఎన్నిసార్లు తీశావు?"

"ఒక్కసారే."

"అమ్మా."

"రెండుసార్లు" అంటిని.

అది నవ్వుచుండగా, ప్రక్కనుండి మనుమరాలు ఫోను లాగుకొని, చిన్న గిన్నె కూడ పెట్టావా అమ్మమ్మా అని అడిగెను.